తిట్లు ఆగిన ఇంట్లో తిండి మానిన పిల్లి

కరోనా ఆంక్షలన్నీ ఎత్తేసిన ఏడాది, ఆషాఢానికి కాస్త ముందు, నన్ను సికింద్రాబాద్‌లోని ఒక ప్రభుత్వ పశువైద్యశాలకు అసిస్టెంట్ డైరెక్టర్‌గా బదిలీ చేశారు. అప్పటికి పదవీ విరమణకు రెండేళ్లు కూడా లేవు. మా శాఖలో చేరినవాళ్లను మొదట వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ అంటారు. పేరులో అసిస్టెంట్ అని ఉంటుంది గానీ చాలా ఊళ్లలో ఆ పైన సర్జన్ అంటూ ఎవరూ ఉండరు, అన్నీ ఆ అసిస్టెంటే చూసుకోవాలి. దాని పైమెట్టు అసిస్టెంట్ డైరెక్టర్. ఆ హోదా వచ్చాక చేతికి పశువుల కంటే ఫైళ్లు ఎక్కువ తగులుతాయి. నేను మాత్రం ఉదయం ఓపీ వదులుకోలేదు. ఫైలు కరవదు, రక్కదు, నిజమే. కానీ నా సర్వీసులో ఒక్క ఫైలు కూడా జబ్బు నయమై ఇంటికి వెళ్లడం చూడలేదు.

నా అనుభవమంతా ఎక్కువగా బర్రెలతోనే. బర్రె మేత మానేస్తే నాకు కంగారు ఉండేది కాదు. దాని కడుపుకు నాలుగు అరలు. ఏ అర మొరాయించిందో డొక్క మీద గొట్టం పెట్టి వింటే చాలావరకు తెలిసిపోతుంది. పిల్లికి ఉన్నది ఒకటే కడుపు, అభిప్రాయాలు మాత్రం బోలెడు. పట్నం ఆసుపత్రిలో పిల్లుల కేసులు తప్పవని తెలిసి, ఆ వయసులో మళ్లీ పుస్తకాలు తిరగేశాను. ఆ పుస్తకాల్లో లేని సంగతి ఒకటి రాంగోపాల్‌పేట్‌లో తెలిసింది. అదే ఇక్కడ చెబుతున్నాను.

ఒక సోమవారం ఉదయం వెంకటేశం అనే ఆయన ఓపీకి వచ్చాడు. రాంగోపాల్‌పేట్‌లో స్టీలు సామాన్ల దుకాణం. పిల్లిని తెచ్చిన తీరులోనే ఆ వ్యాపారం తెలిసిపోయింది. కూరగాయలు పెట్టుకునే స్టీలు జాలీ బుట్టలో దాన్ని కూర్చోబెట్టి, పైన అంతే పెద్ద బుట్ట ఇంకొకటి బోర్లించి, తాడుతో కట్టి తెచ్చాడు. లోపల పసుపు చారల ఆడపిల్లి. కళ్లు పుసులు కట్టి, ముక్కు మూసుకుపోయి, జ్వరంతో కాలిపోతోంది. ఓపీ చీటీలో జంతువు పేరు రాయాలి. పేరేమిటని అడిగితే వెంకటేశం అటూ ఇటూ చూశాడు. వాళ్లమ్మ పిలిచే పేరు ఒకటుందనీ, పదిమందిలో చెప్పేది కాదనీ గొంతు తగ్గించి అన్నాడు. చివరికి రాణి అని రాయించాడు. రాణీ అని పిలిస్తే పిల్లి చెవి కూడా కదపలేదు.

అది వైరస్ వల్ల వచ్చే పడిశెం. పిల్లుల్లో మామూలే. సెలైన్ ఎక్కించి, ఇతర సూక్ష్మక్రిములు చేరకుండా ఇంజెక్షన్లు ఇచ్చాం. వారం తిరిగేసరికి జ్వరం దిగింది, కళ్లు తెరుచుకున్నాయి, ముక్కు కారడం ఆగింది. తిండి మాత్రం ముట్టలేదు. ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పాలి. కుక్క రెండు పూటలు తినకపోయినా ఏమీ కాదు. పిల్లి అలా కాదు. వరసగా కొన్ని రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కరిగి కాలేయంలో పేరుకుంటుంది. ఆ కాలేయం మూలంగా వికారం పుట్టి, ఉన్న కాస్త ఆకలి కూడా చస్తుంది. తినకపోవడం వల్ల జబ్బు, జబ్బు వల్ల తినకపోవడం. ఆ సుడిలో పడ్డ పిల్లుల్లో చాలావాటిని కాపాడలేం.

పద్ధతి ప్రకారం చెప్పవలసినవన్నీ వెంకటేశానికి చెప్పాను. పిల్లి ముక్కుతో తింటుంది కాబట్టి ఆహారం గోరువెచ్చగా ఉండి వాసన రావాలి. మందు తిండిలో కలపకూడదు, కలిపితే ఆ తిండినే అసహ్యించుకుంటుంది. బొత్తిగా తినకపోతే సూది తీసేసిన సిరంజితో మెత్తటి ఆహారం చెంప లోపలికి కొంచెం కొంచెంగా పట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో గోల ఉండకూడదు. ప్రశాంతంగా ఉంచండి, ఎవరూ అరవకండి అని నొక్కి చెప్పాను. ఈ చివరి మాట మా వాళ్లందరూ చెప్పేదే. వెంకటేశం వినయంగా తల ఊపి, “అమ్మకు జెప్త మేడం” అన్నాడు.

ఆసుపత్రిలో కుక్కల మొరుగుడికి పిల్లి ఇంకా ముడుచుకుపోతోందని ఇంటికే పంపించేశాను. నేను ఉండేది సీతాఫల్‌మండిలో. ఆసుపత్రికి వెళ్తూ కాస్త చుట్టు తిరిగితే రాంగోపాల్‌పేట్ దారిలోనే పడుతుంది కాబట్టి, రోజూ పొద్దున నేనే వెళ్లి చూస్తానన్నాను. కింద దుకాణం, పైన ఇల్లు. పైన ఉండేది వెంకటేశం, ఆఫీసు ఉద్యోగం చేసే ఆయన భార్య, వాళ్లమ్మ సత్తెమ్మగారు.

సత్తెమ్మగారికి డెబ్బై దాటాయి. పొట్టి మనిషి, గొంతు మాత్రం పొడుగు. మొదటి రోజు నేను వెళ్లేసరికి ఆమె పిల్లి ముందు మఠం వేసుకుని కూర్చున్నారు. దాని ముందు కొత్త స్టీలు పళ్లెం, ధర చీటీ ఇంకా ఊడలేదు. అందులో ఉడికించిన కోడికార్జం, చేపముక్క, గుడ్డు, పాలమీగడ, పెళ్లివారికి వడ్డించినట్టు విడివిడిగా పెట్టి ఉన్నాయి. “జెర తిను బిడ్డా. ఒక్క బుక్క. నీ కాళ్లు మొక్కుత” అని గుసగుసగా బతిమాలుతున్నారు. పిల్లి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఇంత మెత్తగా మాట్లాడే మనిషి ఉన్నందుకు నేను సంతోషించి, రోగిని చూసుకోవడం అంటే ఇలా ఉండాలని కొడుకు ముందే ఆమెను మెచ్చుకున్నాను. వెంకటేశం తల్లి వైపు వింతగా చూశాడు.

పిల్లి తినకపోయినా, ఆ ఇంట్లో నేను తినకుండా కదలడానికి వీల్లేదని ఆ రోజే తెలిసింది. సత్తెమ్మగారు సర్వపిండి తెచ్చి పెట్టారు. పొద్దున టిఫిన్ చేసే వచ్చానని చెప్పాను. ఆమె దగ్గర దానికి వైద్యపరమైన కారణం సిద్ధంగా ఉంది.

“ఎదురుంగ ఒకలు తింటుంటె దానికి సుత బుద్ధి వుడ్తది డాక్టరమ్మా. గందుకే జెర దాని మొకం దిక్కు కూసోని తిను.”

ఈ సిద్ధాంతాన్ని కొట్టిపారేయడానికి నాకు ఆధారం దొరకలేదు. సర్వపిండి వాసన అంతకుముందే ముక్కుకు తగిలిందన్నది కూడా ఒప్పుకోవాలి. నేల మీద, పిల్లికి ఎదురుగా కూర్చుని, అది చూసేలా నములుతూ తిన్నాను. ఆ మర్నాడు గారెలు. ఆ తర్వాత సకినాలు, ఇంకోరోజు పూర్ణాలు. నేను గెజిటెడ్ అధికారిణిని. కర్తవ్య నిర్వహణలో వెనకడుగు వేయలేదు.

కోలుకుంటున్న పిల్లికి రోజూ బరువు చూడడం తప్పనిసరి. కంటికి తేడా తెలియదు, తూకానికి తెలుస్తుంది. స్టీలు సామాను బరువు లెక్కన అమ్ముతారు కాబట్టి కింద దుకాణంలో మంచి ఎలక్ట్రానిక్ కాటా ఉంది. పిల్లిని ఒంటరిగా దాని మీద పెడితే వణికిపోయి దూకేసేది. అందుకని మా వాళ్లు వాడే పద్ధతే వాడాం. మనిషి పిల్లిని చంకలో పెట్టుకుని కాటా ఎక్కాలి, వచ్చిన బరువులోంచి మనిషి బరువు తీసేయాలి. మొదటి రోజు నేను ఒక్కదాన్నే ఎక్కి నా బరువు చెప్పించుకున్నాను. గంగాళం బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్లు బేరం ఆపి ఆ అంకె విన్నారు. రోజూ కూడిక తీసివేతలు వెంకటేశమే చేసేవాడు. వ్యాపారస్తుడు, లెక్కలో పొరపాటు రాదని నమ్మాను. లెక్కలో పొరపాటు రాలేదు కూడా.

మొదటి కొన్ని రోజులు బరువు నిలకడగా ఉంది. ఆ తర్వాత పెరగడం మొదలుపెట్టింది. సిరంజితో పట్టేది అంతంతమాత్రమే, పళ్లెం ముట్టడం లేదు, అయినా పిల్లి రోజురోజుకూ బరువెక్కుతోంది. శరీరం పోషకాలను బాగా వాడుకుంటోందని నేను వివరణ ఇచ్చాను. వెంకటేశం దుకాణానికి వచ్చినవాళ్లకల్లా ఈ సంగతి చెప్పి పేడాలు పంచాడు. నేను ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్లను కూర్చోబెట్టి, ఎదురుగా ఆహారం తినడం ద్వారా పిల్లిలో ఆకలి కలిగించడం అనే పద్ధతి గురించి అరగంట మాట్లాడాను. వాళ్లు రాసుకున్నారు. ఒక్క సత్తెమ్మగారే నమ్మలేదు. పిల్లి వీపు నిమురుతూ, “ఎముకలు చేతికి తాకుతున్నయి డాక్టరమ్మా, గా మిషిన్‌కేం ఎర్క” అనేవారు. కంటికి తేడా తెలియదని ఆమెకు మళ్లీ వివరించాను.

అసలు సంగతి బయటపెట్టింది సీతాఫల్‌మండిలో మా ఇంటి పక్క టైలరు. బంధువుల పెళ్లికి జాకెట్టు కుట్టమని పాత కొలతే ఇచ్చి వచ్చాను. వేసుకుంటే హుక్కులు అందలేదు. తప్పుగా కుట్టావని గట్టిగా అడిగాను. అతను పాత జాకెట్టు, కొత్త జాకెట్టు పక్కపక్కన పరిచి చూపించాడు. రెండూ ఒకటే. “మేడం, బట్ట గుంజలే. మీరే జెర...” అని మర్యాదగా ఆగిపోయాడు. నాకు మొదట కోపం వచ్చింది. తర్వాత, ఆ దుకాణం మెట్ల మీదే నిలబడి ఉండగా కాటా గుర్తొచ్చింది. మేం రోజూ తీసేస్తున్నది మొదటి రోజు నాటి నా బరువు. పిల్లిని ఎత్తుకుని ఎక్కుతున్నది సర్వపిండి తిన్న నేను.

మర్నాడు పొద్దున రాంగోపాల్‌పేట్ వెళ్లగానే ముందు నేను ఒక్కదాన్నే కాటా ఎక్కాను. తర్వాత పిల్లితో ఎక్కాను. వెంకటేశం తీసివేత చేశాడు, ఇంకోసారి చేశాడు. పెరిగిందంతా నేనే. పిల్లి వచ్చిన రోజు కంటే బాగా తగ్గిపోయింది. చెవుల లోపలి చర్మం లేత పసుపుగా మారుతున్నట్టు కూడా అప్పుడే గమనించాను. కాలేయం దెబ్బతింటోందనడానికి అది గుర్తు.

పైకి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇక ఒక్కరోజు చూస్తాం, అప్పటికీ తనంతట తాను తినకపోతే మత్తు ఇచ్చి మెడ పక్క నుంచి గొట్టం వేసి ఆహారం పంపాలి. ఇంత నీరసించిన పిల్లి మత్తు తట్టుకుంటుందని మాట ఇవ్వలేను అన్నాను. సత్తెమ్మగారు వింటూ వింటూ గోడకు చేరగిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“నేనే దిన్న దాన్ని. నా నోరే దిన్నది” అన్నారు.

అప్పుడు గానీ నేను కేసు చరిత్ర సరిగా అడగలేదు. మేం మామూలుగా ఏం తింటుంది, ఎన్నిపూటలు తింటుంది అని అడుగుతాం. ఆ రెండూ ఓపీలో అడిగాను. ఎలా తినేది అని ఇప్పుడు అడిగాను. ఆ ఇంట్లో ఆ పిల్లికి ఎవరూ ఎప్పుడూ తిండి పెట్టలేదని తేలింది. దానికంటూ గిన్నె లేదు. అది దొంగతనం చేసుకుని తినేది. సత్తెమ్మగారు వంట చేస్తూ కార్జం ముక్కో, చేప తోకో గట్టు చివర పెట్టి అటు తిరిగేవారు. అది ఎక్కి నోట కరుచుకునేది. ఆమె గంటె తిప్పుతూ వీధికి వినపడేలా తిట్టేవారు. పిల్లి గ్రైండరు కిందికి దూరి, తిట్లు అయిపోయేదాకా తినేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఏళ్ల తరబడి ఇదే. ఇంట్లో తిట్టడానికి ఇంకెవరున్నారని ఆమె నన్నే అడిగారు. “కొడుకు దుకాణంల ఉంటడు. కోడలిని తిడితె కోడలు వోతది. ఇది ఒక్కటే తిట్టినా మల్ల వస్తది.”

జబ్బు చేసే ముందు రోజు సాయంత్రం అది ఆమె పెట్టని ముక్క, కొడుకు కోసం తీసి ఉంచిన పెద్ద చేపముక్క ఎత్తుకుపోయింది. ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. నీ నోట్లె మన్నువడ అని తిట్టారు. రోజూ తిట్టేదే. కానీ ఆ రోజు సరిగ్గా దీపం పెట్టే వేళ. ఆ వేళలో తథాస్తు దేవతలు ఇళ్ల మీదుగా తిరుగుతుంటారనీ, నోట ఏ మాట వస్తే దానికి తథాస్తు అనేస్తారనీ అందరిలాగే ఆమెకూ నమ్మకం. తెల్లారి పిల్లి నోరు తెరవలేదు. దాంతో ఆమె ఇక జన్మలో దాన్ని తిట్టనని దేవుడి పటం ముందు ఒట్టు పెట్టుకున్నారు. ఆ వెనకే ఇంట్లో ఎవరూ అరవవద్దని ప్రభుత్వ వైద్యాధికారి ఆదేశం కూడా అందింది. ఇంకేముంది, ఇల్లు గుడి అయిపోయింది.

నాకు విషయం అర్థమైంది. ఆ పిల్లికి సంబంధించినంతవరకు సత్తెమ్మగారి తిట్లే వంట అయిందనడానికి గుర్తు. తిట్లు వినపడలేదు, అంటే వంట కాలేదు. ఎవరో ముసలావిడ కొత్త పళ్లెంలో ఏవో పెట్టి గుసగుసలాడుతోంది, అది తన ఇల్లో కాదో కూడా దానికి అనుమానంగా ఉండి ఉంటుంది. జ్వరం వల్ల పోయిన ఆకలి తిరిగి రావడానికి అలవాటైన దారి కావాలి, ఆ దారి మేమందరం కలిసి మూసేశాం. కాబట్టి మళ్లీ తిట్టమని సత్తెమ్మగారిని కోరాను.

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. “నేను తిట్ట డాక్టరమ్మా. ఒకపారి తిడితె గిట్లైంది. ఇంకోపారి తిడితె పానమే వోతది.” పొద్దున పూట దేవతలు తిరగరు కదా అన్నాను. తిరగరని ఎవరు చూశారన్నారు ఆమె. మందుతో పాటు తిట్టు కూడా చికిత్సేనన్నాను. ఒట్టు ఒట్టేనన్నారు.

అయితే ఇంకెవరైనా తిట్టి చూద్దామని నిర్ణయించాం. ముందు వెంకటేశం ప్రయత్నించాడు. వ్యాపారంలో మర్యాద అలవాటైన మనిషి. “ఏయ్, ఏందిది, గిట్ల చేస్తె ఎట్ల, బాగుండదు మరి” అన్నాడు. బాకీ ఎగ్గొట్టిన ఖాతాదారుతో కూడా అంతకంటే గట్టిగా మాట్లాడి ఉంటాడు. పిల్లి కళ్లు తెరవలేదు. తర్వాత నేను పూనుకున్నాను. మాది కృష్ణా జిల్లా. మా నాయనమ్మ ఒకసారి మొదలుపెడితే మూడు వీధులు ఆగి వినేవి. ఆమెను తలుచుకుని, నీ జిమ్మడిపోను, నీ మొహం మండా, నీ దుంప తెగా అని గొంతెత్తి మొదలుపెట్టాను. పిల్లి కొంచెం తల ఎత్తి, నా వైపు చూసి, మళ్లీ పడుకుంది. సత్తెమ్మగారు బాధలో ఉండి కూడా పెదవి విరిచారు. “గదేం తిట్టు డాక్టరమ్మా. పాట లెక్కున్నది.”

ఇక చివరి ప్రయత్నంగా కార్జం వేడి చేసి, వాసన బాగా వచ్చేలా దాని ముందు పెడదామని నేనే వంటింట్లోకి వెళ్లాను. వెంకటేశం కింద దుకాణంలోకి, సత్తెమ్మగారు దీపం కొండెక్కకుండా చూడడానికి దేవుడి గదిలోకి వెళ్లారు. గిన్నె కోసం చూశాను. స్టీలు సామాన్ల వ్యాపారి ఇంట్లో ఖాళీ గిన్నె ఒక్కటీ కనపడలేదు, అన్నిట్లో ఏదో ఒకటి ఉంది. పై అరలో ఒక్క ఇత్తడి గిన్నె మాత్రం చింతపండుతో తోమి, తళతళలాడుతూ, కొత్త గుడ్డ మీద బోర్లించి ఉంది. దాన్ని తీసి, కోడికార్జం వేసి, స్టవ్ మీద పెట్టాను.

హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసినదాన్ని, బోనాల ఊరేగింపులు ఎన్నో చూశాను. వీధిలో తల మీద కనపడే బోనం, అలంకరించి, వేపాకులు కట్టి, దీపం పెట్టి ఉంటుంది. అదే బోనం వండే గిన్నె పండగకు ముందు వంటింటి అరలో ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. అమ్మవారికి వండే దాకా దాన్ని ఇంట్లో వాళ్లే ముట్టరట. నేను ముట్టాను. అంతటితో ఆగక అందులో పిల్లికి మాంసం ఉడికిస్తున్నాను.

ఉడుకుతున్న వాసనకు సత్తెమ్మగారు వంటింటి గుమ్మంలోకి వచ్చారు. స్టవ్ మీద ఉన్నది చూశారు. అంతే, నోరు తెరిచారు.

“నీ చేతులిర్గ, నీ కండ్లు వోయినయా, అమ్మోరి గిన్నెల పిల్లికి కూర వండుతవా, నువ్వు డాక్టర్‌వా దొంగవా, నీ సదువు మన్నువడ, నీ నౌకరి మన్నువడ, నిన్ను గీడికి దోలినోని నోట్లె మన్నువడ...”

నా జీవితంలో ఎవరూ నన్ను అంత సంపూర్ణంగా తిట్టలేదు. స్టవ్ ఆపి, గిన్నె దింపి, గట్టు చివర పెట్టి, రెండు చేతులూ జోడించాను. ఆమె ఆగలేదు. నా చదువు అయిపోయి మా శాఖ వైపు, అక్కణ్ణుంచి నా వంశం వైపు వెళ్లారు. సరిగ్గా అప్పుడు నా చీర కుచ్చిళ్లను ఏదో రాసుకుంటూ పోయింది.

పిల్లి. పక్క గదిలోంచి లేచి వచ్చింది. కాళ్లు తడబడుతున్నాయి, తోక మాత్రం నిటారుగా ఉంది. ఒకే దూకులో గట్టు అందుకునే శక్తి లేదు. ముందు బియ్యం డబ్బా ఎక్కింది, కాసేపు ఆయాసపడింది, అక్కణ్ణుంచి గట్టు ఎక్కింది. గిన్నెలోకి మూతి పెట్టి, ఒక ముక్క లాగి, కిందపడేసి, తనూ దిగి, దాన్ని నోట కరుచుకుని గ్రైండరు కిందికి దూరింది. లోపల్నుంచి గుర్రుమంటూ నమిలే చప్పుడు వినపడింది.

సత్తెమ్మగారు అది చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చప్పున ఆగిపోయారు. ఆమె ఆగగానే లోపల నమలడం కూడా ఆగింది.

“ఆపకండి పెద్దమ్మా, తిట్టండి” అన్నాను గొంతు తగ్గించి.

“దాన్ని తిట్ట. ఒట్టు వెట్టుకున్న.”

“దాన్ని వద్దు. నన్నే తిట్టండి. ఇందాకటి నుంచీ నన్నే కదా తిడుతున్నారు.”

ఆమె ఆలోచించారు. ఆమె ముఖంలో నిజమైన భయం కనపడింది. ఆ మనిషికి నా మీద కోపం లేదు, నేను పాడైపోవాలని లేదు. “మరి నీకు దాకితె?” అని అడిగారు.

“మాకు మెడికల్ రీయింబర్స్‌మెంట్ ఉంది పెద్దమ్మా. ప్రభుత్వం చూసుకుంటుంది” అన్నాను.

అది ఆమెకు సబబుగానే తోచింది. అయినా జాగ్రత్తపరురాలు. దేవతలు పొరపాటున పిల్లికి గానీ, అదే పేరున్న ఇంకెవరికైనా గానీ అందించకుండా నా పేరూ చిరునామా అడిగి తెలుసుకుని, తిట్టులో కలిపారు. “ఓ విజయలక్ష్మీ, సీతాఫల్‌మండిల ఉండే డాక్టర్ విజయలక్ష్మీ, నీ నోట్లె మన్నువడ” అని మళ్లీ షురూ చేశారు. గ్రైండరు కింద నమలడం కూడా మొదలైంది. వెంకటేశం కేకలకు పరుగెత్తుకుంటూ పైకి వచ్చి, చేతులు జోడించి నిలబడ్డ నన్నూ, నన్ను తిడుతున్న తల్లినీ చూసి, “అమ్మా, గవర్నమెంట్ ఆఫీసర్ ఆమె” అని అడ్డు రాబోయాడు. మేమిద్దరం కలిసి అతన్ని కసిరాం. పిల్లి రెండో ముక్క కోసం బయటికి వచ్చింది.

ఆ రోజు నుంచీ చికిత్స విధానం మార్చాను. కొత్త పళ్లెం తీసేయించాను. రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి ఒకటి రెండు ముక్కలు గట్టు చివర పెట్టి, అటు తిరిగి, నా పేరు మీద తిట్టాలి. కాలేయం కోలుకునే దాకా ఒక్కసారే ఎక్కువ తిననివ్వకూడదు కాబట్టి ముక్క చిన్నదిగా, తిట్టు పొడుగ్గా ఉండాలని చెప్పాను. సాయంత్రం దీపం వేళ మానుకోమన్నాను. నా కోసం కాదు, ఆమె మనశ్శాంతి కోసం. బరువు చూడడానికి కాటా మీద స్టీలు గంగాళం పెట్టి, దాని బరువు తీసేసి, పిల్లిని అందులో దింపేవాళ్లం. కొంచెం బలం చిక్కాక అందులోంచి రానని మొండికేసేది. నేను ఇంకెప్పుడూ ఆ కాటా ఎక్కలేదు. వెంకటేశం అమ్మవారి కోసం కింద నుంచి కొత్త గిన్నె తెచ్చాడు. పాత ఇత్తడి గిన్నె ఇక పిల్లిదే అయింది.

దీనివల్ల చిన్న ఇబ్బంది ఒకటి వచ్చింది. రాంగోపాల్‌పేట్‌లో ఆ వీధిలో నాలుగు పూటలా నా పేరు మోగిపోయింది. ఓపీకి మేకను తెచ్చిన ఒకావిడ గోడ మీది బోర్డులో నా పేరు చదివి, ఆ పెద్దమ్మకు మీరేం అన్యాయం చేశారు మేడం అని మొహమాటపడుతూ అడిగింది. మా సూపరింటెండెంటు ఎవరైనా ఫిర్యాదు రాసే లోపు ఏదో ఒకటి చెయ్యమన్నాడు. చికిత్స జరుగుతోందని ఇద్దరికీ చెప్పాను.

శ్రావణం వెళ్లేసరికి చెవుల పసుపు పోయింది. దసరా ముందు పిల్లి జబ్బుకు ముందున్న బరువుకు వచ్చింది. చివరిసారి చూడడానికి వెళ్లినప్పుడు సత్తెమ్మగారు ఒకటే అడిగారు. ఇక నేరుగా దాన్నే తిట్టుకోవచ్చా అని. దేవుడి ముందు పెట్టిన ఒట్టు సంగతి ఏమిటన్నాను. జబ్బు తగ్గేదాకేనని ఆయనతో మాట్లాడుకున్నానన్నారు. అయితే తిట్టవచ్చని చీటీ మీద రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. కొడుకుతో రెండుసార్లు చదివించుకుని, నా ఎదురుగానే మొదలుపెట్టారు.

ఈ కేసు నాకు నేర్పింది ఇంతే. మనిషి చంకలో పిల్లిని పెట్టుకుని బరువు చూసేటప్పుడు ప్రతిసారీ మనిషి బరువు కూడా చూడాలి. రోగి తిండి మానేస్తే, అది ఏం తినేది అని అడిగి ఊరుకోకుండా, ఎలా తినేది, అప్పుడు పక్కన ఎవరుండేవారు, ఏమనేవారు అని కూడా అడగాలి. మా జూనియర్లకు రెండోసారి ఇదే చెప్పాను, మొదట రాసుకున్నది కొట్టేయమన్నాను. ఇంటిని నిశ్శబ్దంగా ఉంచండి అని సలహా ఇచ్చే ముందు, ఆ ఇంటికి నిశ్శబ్దం అలవాటు ఉందో లేదో కనుక్కోవాలి.